కడిగిన గాలి, వదిలేసిన గోడ

ఉద్యోగుల ఆరోగ్యం కోసమే కట్టామని ఏ కంపెనీ తన కొత్త ఆఫీసును చూపించినా ఫొటోల్లో కనిపించేవి ఇంచుమించు ఒకటే. జిమ్ము, గోడకు పాకించిన పచ్చని మొక్కలు, రంగురంగుల సోఫాలు, ఎత్తు పెంచుకుని దించుకునే బల్లలు. వీటి మంచిచెడ్డల జోలికి వెళ్లేముందు ఒక ప్రశ్న అడగాలనిపిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడ కూర్చునే మనిషి తన చుట్టూ ఉన్నవాటిలో దేన్ని తన వీలు కొద్దీ మార్చుకోగలదు? కుర్చీ కాస్త జరుపుకోగలదా, చలేస్తే ఏసీ తగ్గించుకోగలదా, ఎదురుగా ఉన్న గోడకు తనకు నచ్చిన బొమ్మ తగిలించుకోగలదా?

ఈ ప్రశ్న పెట్టుకునే రెండు భవనాలను పక్కపక్కన నిలబెడుతున్నాను. ఒకటి అమెరికాలోని బఫలో నగరంలో 1906లో పూర్తయిన లార్కిన్ కంపెనీ కార్యాలయం. దాని రూపశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. రెండోది నెదర్లాండ్స్‌లోని అపెల్‌డోర్న్‌లో 1972లో పూర్తయిన సెంట్రాల్ బెహీర్ బీమా కంపెనీ కార్యాలయం. దాని రూపశిల్పి హెర్మాన్ హెర్ట్స్‌బెర్గర్. రెండింటిలోనూ జరిగింది వందలమంది గుమాస్తాలు రోజంతా కాగితాలతో చేసే పనే. రెండూ వీధివైపు ముఖం చాటేసి లోపలి వెలుగు మీద ఆధారపడ్డవే. ఆర్కిటెక్చర్ చరిత్ర రాసినవాళ్లు చాలామంది రెండింటినీ ఒకే వంశంలో చేరుస్తారు. వంశం ఒకటే కావచ్చు. పనిచేసే మనిషికి ఏం కావాలన్న విషయంలో మాత్రం వీటి నమ్మకాలు రెండు దారులు.

లార్కిన్ సబ్బుల కంపెనీ. దేశమంతటా గృహిణులు ఉత్తరాల మీద సరుకులు తెప్పించుకునేవారు. ఆ ఉత్తరాలు విప్పి, విడదీసి, జవాబులు రాసి, లెక్కలు కట్టేందుకు సుమారు 1,800 మంది కావలసి వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది పడుచు అమ్మాయిలు. ఆఫీసు కట్టాల్సిన చోటు చూస్తే చుట్టూ ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు, బొగ్గు పొగ. కిటికీ తెరిస్తే తెల్ల కాగితం మీద మసి వాలే చోటు అది. రైట్ కిటికీలన్నీ మూసేశాడు. మూలల్లో నిలిపిన బురుజుల గుండా గాలిని పైనుంచి లోపలికి లాగి, నేలమాళిగలో నీటి తుంపర్ల మధ్య నుంచి పోనిచ్చి, మసి కడిగి, చలికాలం వెచ్చబరిచి అంతస్తులన్నిటికీ పంపించాడు. కొన్నేళ్లకు చల్లబరిచే యంత్రాలూ వచ్చి చేరాయి. గాలిని తుంపర్లతో శుద్ధిచేసే యంత్రానికి విలిస్ క్యారియర్ పేటెంటు పొందిన సంవత్సరం కూడా 1906 అని గుర్తు పెట్టుకుంటే, ఒక గుమాస్తాల ఆఫీసు కోసం రైట్ ఎంత ముందుకు వెళ్లి ఆలోచించాడో తెలుస్తుంది.

ఈ శ్రద్ధ గాలితో ఆగిపోలేదు. మరుగుదొడ్డి గిన్నెలను నేలకు ఆనకుండా గోడకు బిగించాడు, కింద తుడవడానికి అడ్డం లేకుండా. మరుగుదొడ్ల మధ్య తడికలను పైకప్పు నుంచి వేలాడదీశాడు, అదీ తుడుపు కోసమే. ఊడ్చేవాళ్ల నడుము గురించి ఒక పేరున్న ఆర్కిటెక్టు ఇంతగా పట్టించుకోవడం ఆ రోజుల్లోనే కాదు, ఇప్పుడూ అరుదే. భవనం నడుమ కప్పు దాకా తెరిచిన పెద్ద చావడి, చుట్టూ అంతస్తుల వారీగా వసారాలు, పైన గాజు కప్పు. పై అంతస్తులో భోజనశాల, మొక్కలు, మిద్దె మీద ఇటుకలు పరిచిన నడక దారి.

అప్పట్లో సబ్బులు, చాక్లెట్లు చేసే కంపెనీలకు కార్మికుల సంక్షేమం మీద గట్టి నమ్మకం ఉండేది. ఇంగ్లండులో క్యాడ్‌బరీలు 1879లో బోర్న్‌విల్‌కు మారి అక్కడ తోటల ఊరు కట్టించారు. సబ్బుల లీవరు 1888 నుంచి పోర్ట్ సన్‌లైట్ కట్టించాడు. లార్కిన్ భవనం ఆ కోవలోదే. అదే కాలంలో మిగతా చోట్ల ఏం జరుగుతోందో కూడా చూడాలి. 1911లో న్యూయార్కులో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ అంటుకున్నప్పుడు తలుపుకు తాళం వేసి ఉండటంతో చాలామంది బయటపడలేకపోయారు. మొత్తం 146 మంది చనిపోయారు, ఎక్కువమంది అమ్మాయిలే. ఆ దేశంలో, ఆ ఏళ్లలో, గుమాస్తా పిల్ల ఊపిరితిత్తుల్లోకి మసి పోకూడదని ఇంత ఖర్చు పెట్టిన భవనాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను.

అయినా ఆ భవనంలో ఒక వస్తువు దగ్గర నా గౌరవం ఆగిపోతుంది. అది గుమాస్తాల కోసం రైట్ గీసిన బల్ల. బల్ల ఇనుముతో చేసింది. దానికి కుర్చీ అతికే ఉంటుంది. బల్ల కాలి నుంచి ఒక ఇనుప చెయ్యి బయటికి వస్తుంది, దాని కొసన కూర్చునే పలక, వీపుకు ఒక పట్టీ. కూర్చోవాలంటే దాన్ని బయటికి తిప్పాలి, లేచాక లోపలికి నెట్టేస్తే బల్ల కిందికి పోతుంది. కింద నేల ఖాళీ, తుడవడం సులువు, వరస చెదరదు. ఊడ్చే మనిషికి మేలు చేసిన ఆ ఆలోచనే కూర్చునే మనిషిని కట్టిపడేసింది. పొడుగు మనిషైనా పొట్టి మనిషైనా, నెల తప్పిన మనిషైనా, వీపు నొప్పిగా ఉన్న రోజైనా, బల్లకూ ఒంటికీ మధ్య దూరం ఎంతో ముందే తేలిపోయింది. ఒక అంగుళం వెనక్కి జరగాలన్నా వీల్లేదు.

కిటికీల సంగతీ ఇదే. గోడల పొడుగునా కాగితాలు దాచే బీరువాలు బిగించి, వాటి పైన ఎత్తులో కిటికీలు పెట్టారు. వెలుగు వస్తుంది, చూపు మాత్రం బయటికి పోదు. తల ఎత్తితే కాస్త ఆకాశం, తల తిప్పితే చావడి. ఆ చావడి గోడల మీద ఎత్తున చెక్కిన మాటలు, మూడేసి చొప్పున. "ఉదారత, పరోపకారం, త్యాగం" అని ఒక చోట. "నిజాయితీ, విశ్వాసపాత్రత, విధేయత" అన్న అర్థంలో మరో చోట. యజమానులు కూడా ఆ మాటల కిందే, చావడి అడుగున అందరి కళ్లెదుటే కూర్చునేవారన్నది నిజం. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. కానీ ఆ మాటలు ఎంచినవాళ్లు వాళ్లు, చదవాల్సింది జీతానికి వచ్చిన పిల్లలు. విధేయత అన్న మాట యజమాని తలమీద ఉన్నప్పుడూ గుమాస్తా తలమీద ఉన్నప్పుడూ ఒకే బరువు ఉండదు. మొత్తం భవనంలో ఆమె చేత్తో మార్చగలిగినది ఏదీ లేదు. ఆమె గోడ కూడా ఎవరో రాసేసిన గోడ.

అరవై ఏళ్ల తరవాత హెర్ట్స్‌బెర్గర్ వదిలేసింది సరిగ్గా ఆ గోడనే.

సెంట్రాల్ బెహీర్ బయటినుంచి చూస్తే అందంగా ఉండదు. గచ్చు చెయ్యని సిమెంటు ఇటుకలు, కాంక్రీటు దూలాలు, ఒకదాని పక్కన ఒకటి పేర్చిన చిన్న చిన్న బురుజుల గుంపు. దాని మూలసూత్రం ఒక చదరం: తొమ్మిది మీటర్ల పొడుగు, తొమ్మిది మీటర్ల వెడల్పు. ఆ చదరం నడిమిన అడ్డంగానూ నిలువుగానూ మూడేసి మీటర్ల నడక దారి వదిలితే నాలుగు మూలల్లో నాలుగు చిన్న చోట్లు మిగులుతాయి. ఒక్కో మూలలో ఒకరి నుంచి నలుగురి దాకా కూర్చోవచ్చు. అదే మూల కాఫీ తాగే చోటు కావచ్చు, సమావేశపు గది కావచ్చు, ఊరికే కూర్చునే చోటూ కావచ్చు. చదరానికీ చదరానికీ మధ్య ఖాళీ, ఆ ఖాళీ మీద గాజు కప్పు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కింది అంతస్తులో పనిచేస్తున్న స్నేహితుణ్ని పలకరించవచ్చు. అక్కడ సుమారు వెయ్యి మంది పనిచేశారు.

ఆ గోడలకు రంగు వేయలేదు, గచ్చు చేయలేదు. డబ్బు చాలక కాదు, పనిచేసేవాళ్లే పూర్తి చేసుకోవాలని. ఇళ్లనుంచి సామాన్లు తెచ్చుకోండి అని కంపెనీయే చెప్పింది. జనం తెచ్చుకున్నారు కూడా. కుండీల్లో మొక్కలు, పోస్టర్లు, దీపాలు, పిల్లల బొమ్మలు. ఆనాటి ఫొటోల్లో ఏ రెండు మూలలూ ఒకేలా ఉండవు. ఒకచోట ఆకుల మధ్య మనిషి తల మాత్రమే కనిపిస్తుంది, పక్క మూలలో కాగితం తప్ప ఇంకేమీ లేని బల్ల. అద్దెకు దిగేటప్పుడు మన ఇంటివాళ్లు మొదట పెట్టే షరతు గోడలకు మేకులు కొట్టొద్దని. మేకు కొట్టుకోగలిగిన రోజు ఆ ఇల్లు మనదైనట్టు అనిపిస్తుంది. హెర్ట్స్‌బెర్గర్ వెయ్యిమంది గుమాస్తాలకు ఆ షరతు ఎత్తేశాడు.

గాలి విషయంలో ఈ భవనం రైట్‌ను మించిందేమీ లేదు, దీని పేరు గాలి వల్ల వచ్చిందీ కాదు. పైగా దీని లోపాలు దీనికున్నాయి. నలువైపులా తెరుచుకున్న అంతస్తుల్లో మాట ఆగదు. ఒకరి ఫోను నలుగురి చెవిన పడుతుంది. మనసు పెట్టి లెక్క చూసుకోవాల్సిన మనిషికి అది ఆరోగ్యం కాదు, రోజువారీ అలసట. లోపల అంతా ఒకే చదరం మళ్లీమళ్లీ రావడంతో కొత్తవాళ్లు దారి తప్పుతారు. లోపలికి వచ్చే దారులు చాలా ఉన్నా, అసలు గుమ్మం ఏదో తెలిసేది కాదు. చివరికి 1995లో హెర్ట్స్‌బెర్గరే ఒక ప్రవేశ భవనం కట్టి అతికించాల్సి వచ్చింది. ఆఫీసు అంటే చిన్న ఊరు అన్న ఆయన ఊహ గొప్పదే. కానీ ఊళ్లో తలుపు మూసుకునే ఇల్లు కూడా ఒకటి ఉంటుందన్నది ఆయన తక్కువగా గుర్తుంచుకున్నాడని నా అభిప్రాయం.

అయినా రెంటిలో నా మొగ్గు అపెల్‌డోర్న్ వైపే. అది ఇష్టాయిష్టాల సంగతి మాత్రమే కాదు. హెర్ట్స్‌బెర్గర్ ఈ భవనం గీస్తున్న రోజుల్లోనే, 1967లో, లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యం మీద ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. దాన్ని వైట్‌హాల్ అధ్యయనం అంటారు. 17 వేలకు పైగా మగ ఉద్యోగులను ఏళ్ల తరబడి గమనించారు. అందరూ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లే. ఫ్యాక్టరీ దుమ్ము లేదు, రసాయనాలు లేవు. అయినా అట్టడుగు హోదాలో ఉన్నవాళ్ల మరణాల రేటు పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లు తేలింది. సిగరెట్లు, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో అధ్యయనంలో ఆడవాళ్లనూ చేర్చుకున్నారు. మైకేల్ మార్మట్ బృందం అందులో తేల్చిన ముఖ్య విషయాల్లో ఒకటి: తన పని మీద తనకు పట్టు తక్కువగా ఉన్న మనిషికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. ఏ పని ముందు చెయ్యాలో, ఎప్పుడు కాస్త ఆగాలో తాను తేల్చుకోలేని మనిషి ఒంటికే అది కీడు చేస్తుంది.

గోడకు బొమ్మ తగిలించుకోవడమూ పని మీద పట్టూ ఒకటి కావు. ఆ తేడాను నేను చిన్నది చెయ్యను. మూలలో మొక్క పెట్టుకోనిచ్చి, పని మాత్రం క్షణం తీరిక లేకుండా పురమాయించే కంపెనీలు ఉండవచ్చు. కానీ నెదర్లాండ్స్‌లో ఆ రోజుల్లో ఈ రెండూ ఒకదానికొకటి దూరంగా లేవు. ఉద్యోగుల మండళ్లకు బలమిచ్చిన చట్టం 1971లో వచ్చింది, ఈ భవనం పూర్తవడానికి ఏడాది ముందు. 1979 సవరణతో ఆ మండళ్లు యజమాని లేని, పూర్తిగా ఉద్యోగుల మండళ్లయ్యాయి. గుమాస్తా మాటకు చట్టంలో చోటు దొరుకుతున్న దేశంలోనే గుమాస్తా చేతికి గోడ దొరికింది. లార్కిన్‌లో అలాంటిదేమీ లేదు. అక్కడి మేలంతా యజమాని మంచితనం మీద ఆధారపడింది. ఆ కంపెనీ దివాళా దారి పట్టాక భవనం చేతులు మారింది, 1950లో కూలగొట్టారు. లారీల స్టేషన్ కడతామన్నారు, అదీ కట్టలేదు. సెంట్రాల్ బెహీర్‌ను కూడా కంపెనీ గత దశాబ్దంలో ఖాళీ చేసి వెళ్లింది. దాన్ని ఇళ్లుగా మార్చాలన్న ఆలోచనలు సాగాయి. మనుషులు తమకు తగ్గట్టు మలుచుకోమని వదిలేసిన కట్టడం కాబట్టి అలా ఊహించడానికైనా వీలుపడింది.

ఈ రెండింటినీ చూశాక హైదరాబాద్ వైపు తిరిగితే, మనం ఎటువైపు నడుస్తున్నామో స్పష్టంగా కనిపిస్తుంది. గచ్చిబౌలి, మాదాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ గాజు మేడలు లార్కిన్ సంతానం. తెరుచుకోని కిటికీ, కడిగిన గాలి, పై అంతస్తులో క్యాంటీను. ఆ రోజుల్లో బొగ్గు పొగ కారణం, ఇప్పుడు దుమ్ము, ఎండ, ట్రాఫిక్. కారణాల్లో నిజం ఉంది. కానీ మే నెలలో బయట నలభై దాటిన ఎండలో వచ్చిన అమ్మాయి లోపలికి అడుగుపెట్టగానే కుర్చీ వీపుకు వేలాడదీసిన స్వెట్టరు తీసి వేసుకుంటుంది. ఏసీ గాలి సూటిగా నెత్తిన పడే సీట్ల పైన కప్పుకు అట్టముక్క టేపుతో అంటించి ఉండటం చాలా ఆఫీసుల్లో చూడొచ్చు. ఎవరికీ చెప్పకుండా ఎవరో ఒక సాయంత్రం కుర్చీ ఎక్కి అంటించిన అట్టముక్క అది. హెర్ట్స్‌బెర్గర్ అయితే దాన్ని జాగ్రత్తగా గమనించేవాడు, ఎందుకంటే ఆ ఆఫీసులో పనిచేసేవాళ్లు సొంతంగా చేసిన డిజైను అదొక్కటే. ఫెసిలిటీస్ వాళ్లు దాన్ని పీకేస్తారు.

ఈ చలి ఎవరి లెక్క? 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఇద్దరు చూపించినదేమంటే, ఆఫీసుల ఉష్ణోగ్రత ప్రమాణాల వెనక ఉన్నది నలభై ఏళ్లు, 70 కిలోల బరువు ఉన్న ఒక మగవాడి ఒంటి లెక్క. ఆడవాళ్ల శరీరం కూర్చుని చేసే పనిలో అంత వేడి పుట్టించదు. మన దగ్గరి లెక్క కూడా ఉంది. ఇంద్రగంటి మాధవి, ఆమెతో కలిసి పనిచేసిన పరిశోధకులు హైదరాబాద్, చెన్నై ఆఫీసుల్లో కూర్చునేవాళ్లనే అడిగి చూస్తే, ఏసీ ఉన్నచోట కూడా 26 డిగ్రీల పైన హాయిగా ఉందన్నారు. ఫ్యాను, కిటికీ చేతిలో ఉన్నచోట ఇంకా ఎక్కువ వేడిని ఓర్చుకున్నారు. అడిగితే చెప్పే జవాబే ఇది. 22 డిగ్రీలకు బిగించిన ఆఫీసుల్లో అడిగినవాళ్లు ఎవరు?

హైదరాబాద్ దగ్గరి పోచారంలో ఇన్ఫోసిస్ 2011లో చేసిన ప్రయోగం ఈ విషయంలో విలువైనది. ఒకే భవనాన్ని రెండు సగాలు చేసి, ఒక సగంలో మామూలు ఏసీ పెట్టారు. రెండో సగంలో పైకప్పు స్లాబులో గొట్టాలు పరిచి చల్లటి నీళ్లు పారించారు. చల్లబడిన స్లాబు నిశ్శబ్దంగా కింది మనుషుల వేడిని లాక్కుంటుంది, నెత్తిన గాలి దెబ్బ ఉండదు. రెండేళ్ల లెక్కలో ఆ సగం దాదాపు మూడో వంతు తక్కువ కరెంటు వాడింది. అక్కడ కూర్చున్నవాళ్లలో హాయిగా ఉందన్నవాళ్లూ ఎక్కువే. రైట్ బతికి ఉంటే మెచ్చుకునే పని ఇది. దీని మీద నా ఫిర్యాదు ఒకటే, అది పోచారం ఒక్కదాని మీద కాదు, మొత్తం పద్ధతి మీద: ఈ మెరుగుదల అంతా స్లాబు లోపల జరిగింది, కూర్చున్న మనిషి చేతికి ఏమీ రాలేదు.

పైగా ఉన్నది కూడా పోతోంది. కోవిడ్ తరవాత చాలా కంపెనీలు ఎవరికీ సొంత సీటు లేకుండా చేశాయి. వచ్చేరోజు ఫోన్లో బుక్ చేసుకుని ఖాళీగా ఉన్నచోట కూర్చోవాలి, సాయంత్రం బల్ల తుడిచినట్టు ఖాళీ చేసి పోవాలి. అంతకుముందు మన ఆఫీసు బల్లల మీద ఏముండేవి? మానిటరు అంచున చిన్న వెంకన్న బొమ్మ, నీళ్ల సీసాలో మనీప్లాంటు కొమ్మ, పాప గీసిన రంగు బొమ్మ, అమ్మ పంపిన పచ్చడి డబ్బా. హెర్ట్స్‌బెర్గర్ పిలిచి మరీ తెచ్చుకోమన్నవి ఇవే. ఎవరూ పిలవకుండానే మనవాళ్లు తెచ్చుకున్నారు, ఇప్పుడు లాకరులోకి సర్దేసుకోమంటున్నారు. అదే సమయంలో గోడకు పచ్చని మొక్కలు పాకించి, ఉద్యోగుల క్షేమం అని ఫొటోలు పెడుతున్నారు. సీసాలో మనీప్లాంటు పెట్టుకున్న మనిషి దానికి రోజూ నీళ్లు మార్చేది. కాంట్రాక్టరు పెంచే గోడ మొక్కకు ఆమె ఏమీ కాదు.

ఇంకొక పని చోటు గురించి చెప్పకపోతే ఈ పోలిక ఆఫీసుల దగ్గరే ఆగిపోతుంది. పాతకాలం బట్టల కొట్లో తెల్లటి దుప్పటి పరిచిన పరుపు మీద అమ్మే మనిషి, కొనే మనిషి ఇద్దరూ కూర్చునేవారు. చీర మడత విప్పి ఒళ్లో వేసి చూపించేవారు. పెద్ద షోరూములు వచ్చాక పరుపు పోయి కౌంటరు వచ్చింది. కొనేవాళ్లకు స్టూళ్లు వేశారు, అమ్మే అమ్మాయి మాత్రం పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటోంది. కాళ్ల నరాలు ఉబ్బుతాయి, మడమలు వాస్తాయి, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా సూపర్‌వైజరును అడగాలి. ఇది కూడా ఒక డిజైను నిర్ణయమే. ఎవరో కౌంటరు ఎత్తు నిర్ణయించారు, దాని వెనక కూర్చునే చోటు గీయలేదు. కోళికోడ్‌లో పెణ్‌కూట్టు అనే మహిళల సంఘం ఏళ్ల తరబడి పోరాడాక, 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే తెచ్చింది.

రైట్ ఇచ్చిన కుర్చీకీ ఆ మహిళలు సాధించిన కుర్చీకీ మధ్య పోల్చాల్సింది చాలా ఉంది. మొదటిదాన్ని ఒక ప్రతిభావంతుడు గీశాడు, కూర్చునే మనిషిని అడగలేదు. రెండోదాన్ని ఎవరూ గీయలేదు, చాలా కొట్లలో అది మామూలు ప్లాస్టిక్ స్టూలే కావచ్చు. కౌంటరు ఎత్తుకు అది సరిపోకపోతే కూర్చున్న అమ్మాయి చీర చూపించలేదు, చూపించాలంటే మళ్లీ లేవాల్సిందే. ఇక్కడే ఆర్కిటెక్టుల పని మిగిలి ఉంది: కూర్చుని అమ్మగలిగేంత ఎత్తులో కౌంటరు, కాళ్లు లోపలికి చాపుకునే ఖాళీ, అవసరమైతే తనే జరుపుకోగలిగిన కుర్చీ. నమూనా గీసేముందు ఆ అమ్మాయిలను నలుగురిని కూర్చోబెట్టి అడిగితే ఎత్తు ఎంతుండాలో వాళ్లే చెబుతారు.